లినక్సు ఒక్కటే చాలునా?

2025 అక్టోబరు 14వ తేదీన లోకమున కొన్ని కోట్ల కంప్యూటర్లు ఏ రోగమును లేకయే ముసలివైపోయినవి. ముందునాటి సాయంత్రము ఎట్లు పనిచేసినవో మరునాటి యుదయమున కూడ అట్లే పనిచేసినవి. ఒక మర యైనను అరుగలేదు, ఒక తీగ యైనను తెగలేదు. విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు ఇకమీదట భద్రతా సవరణలు పంపబోమని మైక్రోసాఫ్ట్ సంస్థ ముందుగా చాటిన గడువు ఆనాటితో తీరినది, అంతియే. తరువాతిదైన విండోస్ 11 వేసికొందమన్నచో దానికి టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు కావలెను. ప్రాసెసరు రమారమి 2018 నాటిదో, ఆ తరువాతిదో కావలెను. అవి లేని యంత్రము ఎంత చక్కగా నడచుచున్నను లెక్కలోనికి రాదు. కోరినవారికి ఇంకొక యేడాది సవరణలు పంపుటకు సంస్థ ఒప్పుకొన్నది గాని, అది వాయిదా మాత్రమే, రద్దు కాదు.

అట్టి యంత్రములపై లినక్సు వేసికొనిన చాలును, ఇంకను ఎన్నో యేండ్లు నడచునని చెప్పువారు ఎప్పుడును ఉన్నారు. వారిలో ఒక తెగ మరికొంత దూరము పోవుచున్నది. విండోస్‌ను ప్రక్కన ఉంచుకొని అప్పుడప్పుడు లినక్సు ముఖము చూచుట కాదు. ఇంటిపని, వ్రాతపని, బ్యాంకుపని సమస్తమును ఓపెన్ సోర్సు సిస్టము ఒక్కదాని మీదనే నడుపుకొనవలెనని వారి మతము. రెండు పడవలలో కాళ్లు వద్దని వారి వాదము. ఇది సాధ్యమా? సాధ్యమైనచో వాంఛనీయమా? మొదటి ప్రశ్నకు, కొన్ని షరతులతో, అవునని చెప్పవచ్చును. విచారింపవలసినది రెండవది.

ఈ ఉద్యమమునకు పుట్టుక ఒక ప్రింటరులో నున్నది. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు కృత్రిమ మేధ పరిశోధనశాలకు జీరాక్స్ సంస్థవారి లేజరు ప్రింటరొకటి వచ్చినది. అందు కాగితము తరచుగ ఇరుకుకొనెడిది. మునుపటి ప్రింటరునకు రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు ఒక ఉపాయము చేసియుండెను: యంత్రము ఆగిపోయినచో, తమ ప్రతులకై వేచియున్నవారికి కబురు పోవునట్లు ప్రోగ్రామును దిద్దెను. క్రొత్తదానికిని అట్లే చేయుదమన్నచో దాని మూలరచన, అనగా సోర్సు కోడు, ఇయ్యబడలేదు. అది గల మరియొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఇయ్యనని మాట యిచ్చియున్నానని ఆయన నిరాకరించెను. చెడిన వస్తువును బాగుచేసికొనుటకు చేతనైనవాడు ఎదుట నిలిచియుండగా, బాగుచేయరాదను నియమము అడ్డుపడినది. 1983లో స్టాల్‌మన్ గ్నూ అను పేర ఒక స్వేచ్ఛాయుత సిస్టమును నిర్మింపబూనుటకు కారణములలో ఇది యొకటి. ప్రోగ్రామును నడపుటకు, చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు ఎల్లరకును హక్కుండవలెను. పుచ్చుకొన్నవాడు తాను మార్చి పంచునప్పుడు ఆ హక్కులను తన తరువాతివానికిని దాచక యియ్యవలెను. 1989లో వెలువడిన వారి లైసెన్సు సారమిది. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇది సరదాకు చేయుచున్న పని, పెద్దది కాబోదు అని చెప్పుకొనుచు తన కెర్నలును ప్రకటించెను. మరుసటి యేడు దానిని గ్నూవారి లైసెన్సు క్రిందికి తెచ్చెను. పెద్దది కాదన్నది ఎంత పెద్దదైనదనగా, లోకములోని మొదటి అయిదువందల సూపరు కంప్యూటర్లును 2017 నవంబరు నుండి లినక్సు మీదనే నడచుచున్నవి. ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదియు ఆ కెర్నలే.

ఆంగ్లమున ఫ్రీ అను ఒక్క మాటయే వెలలేనిదానికిని, స్వేచ్ఛగలదానికిని చెల్లుటచే ఈ ఉద్యమమువారు నలువది యేండ్లుగా వివరణములు వ్రాయుచునే యున్నారు. తెలుగునకు ఆ యిబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో తెలుగు ముఖముతో లినక్సును విడుదల చేసిన హైదరాబాదు కార్యకర్తలు తమ కృతికి స్వేచ్ఛ అనియే పేరిడిరి. అయినను ఈ ప్రాంతములలో లినక్సును గూర్చి చెప్పువారు తొలుత చెప్పునది దాని ఉచితత్వమునే. ఇది బలహీనమైన వాదము. ఈ దేశమున విండోస్ దొంగప్రతికి వెల యెన్నడును సున్నయే గదా! వీధి చివర దుకాణములో వందల రూపాయలకు వేసిపెట్టెడి సరకునకు పోటీగా ఉచితమను మాట చెల్లదు. దొంగప్రతి వేసికొన్నవానికి లోపించినది ధనము కాదు, నిర్భయత్వము. లినక్సు వేసికొన్నవాడు ఎవరికిని వెరవనక్కరలేదు. మిత్రునికి ప్రతి తీసి యిచ్చునప్పుడు అతడు చేయునది దొంగతనము కాదు, లైసెన్సు కోరిన పని. చెప్పదలచినవారు ఈ సంగతిని ముందు చెప్పవలెను.

నిత్యకృత్యముల విషయము త్వరగ ముగింపవచ్చును. బ్రౌజర్లకు ఫైర్‌ఫాక్స్, క్రోమియం ఉన్నవి. ఉత్తరములకు, లెక్కల పట్టికలకు 2010లో వెలసిన లిబ్రె ఆఫీసు ఉన్నది. పాటలకు, చలనచిత్రములకు వీఎల్‌సీ ఉన్నది. రైలు టిక్కెట్టు, కరెంటు బిల్లు, పరీక్ష దరఖాస్తు, బ్యాంకు ఖాతా ఇవి యన్నియు నేడు బ్రౌజరులోనే జరుగుచున్నవి; క్రింద ఏ సిస్టమున్నదో వానికి అక్కరలేదు. ఇరువది యేండ్ల క్రిందట లినక్సు వాడుకరిని ఏడిపించిన చిక్కులలో సగము ఈ ఒక్క మార్పుతో పోయినవి. దీనిని లినక్సు విజయముగ చాటువారు కొంచెము తొందరపడుచున్నారు. అది వెబ్బు విజయము. వేసికొనుటయు ఒకనాటివలె సాహసము కాదు. పెన్‌డ్రైవునుండి నడిపి, నచ్చినదా లేదా చూచుకొని, పిమ్మట డిస్కుపై నిలుపుకొనవచ్చును.

తెలుగువాడు అడుగవలసిన ప్రశ్న మరొకటి గలదు: తన అక్షరము అందు సరిగా నిలుచునా? చిత్రమేమనగా, తెలుగునకు చోటిచ్చిన యూనికోడు తొలి ప్రమాణమును 1991లోనే వెలువడినది. లినక్సునకును యూనికోడు తెలుగునకును ఒకే యీడు. చాలకాలము రెండును ఒకదానినొకటి సరిగా ఎరుగవు. వత్తులు విడిపోయి, గుణింతములు హల్లునకు ఆవల వ్రేలాడెడి కాలమది. ఆ దశ గడచినది. నేడు లినక్సులో ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు మీట లమరిక యున్నది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందు తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి యున్నది. డీటీపీ పనివారి వ్రేళ్లకు అలవడిన ఆపిల్ అమరికయు నున్నది. అక్షరరూపముల విషయమున పేదరికము తొలగినది. పోతన, వేమన పేరులు గలవి డెబియన్‌వారి భాండారముననే దొరకును. సూరన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన, గురజాడ, గిడుగు మొదలగు పేరులతో సిలికానాంధ్రవారి పూనికతో వెలువడిన ఫాంట్లు ఎవరైనను వాడుకొనుటకు, మార్చుకొనుటకు వీలగు లైసెన్సుతో నున్నవి.

హల్లు క్రింద వత్తును, దానిపై గుణింతమును కుదురుగ కూర్చు పనిని హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము చేయుచున్నది. పేరు పారసీకము, తెరచిన అక్షరమని దాని భావము. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రె ఆఫీసు, ఆండ్రాయిడ్ ఇవి యన్నియు దీనినే ఆశ్రయించినవి. ఈ సాఫ్ట్‌వేరు పేరు వినని తెలుగువారు కోట్లమంది దాని చలువ వలన ఫోనులో తెలుగు చదువుకొనుచున్నారు. దీనికి ప్రక్కన మరియొక సంగతి నుంచి చూడవలెను. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు ఒక వింత వ్యాధి పట్టినది. తెలుగులోని 'జ్ఞా' అను అక్షరము, నడుమ కంటికి కానరాని ఒక గుర్తుతో కూడి, సందేశముగ వచ్చినచో ఆ సందేశమును చూపబోయిన అప్లికేషను కుప్పకూలెడిది. జ్ఞానమునకు మొదటి యక్షరమే ఆ యంత్రమునకు కొరుకుడు పడలేదు! ఆపిల్ సంస్థ ఆలసింపక కొలదినాళ్లలోనే సవరణ పంపినది. అందుకు దానిని మెచ్చుకొనవలసినదే. కాని ఆ కొలదినాళ్లును వెలుపలి నిపుణులు ఏ అక్షరములకు యంత్రము పడిపోవుచున్నదో ఒక్కొక్కటిగా కొట్టిచూచి, లోపలి తప్పు ఇట్టిదై యుండునని ఊహించుటతోనే సరిపెట్టుకొనవలసివచ్చినది. మూలరచన వారికి కానరాదు. హార్ఫ్‌బజ్‌లో తప్పులు లేవని కాదు, అందును ఉండును. అక్కడ తప్పుల పట్టిక బహిరంగము. ఫలానా ద్విత్వాక్షరము తప్పుగ వచ్చుచున్నదని నిదర్శనముతో వ్రాయుటకు తెలుగు తెలిసిన ఎవరికైనను హక్కు గలదు. చేతనైనచో తానే దిద్ది పంపవచ్చును. ఒక భాషకు తన లిపి నడుచు యంత్రముపై ఇట్టి అధికారము చేతికందుట ముద్రణ పుట్టినది మొదలు ఎన్నడైన జరిగినదా? అచ్చు పోతపోసినవాడు తప్పు పోసినచో ఆ తప్పే తరములపాటు చదువుకొనవలసివచ్చెడిది.

మెచ్చుకొనుట ఇంతటితో చాలును. లినక్సు తెరమీది తెలుగు అనువాదముల సంగతి యెత్తక తప్పదు. కొన్ని పట్టికలు తెలుగున, కొన్ని ఆంగ్లమున కనుపించును. ఫైలు అని పల్లెటూరివాడును అనుచుండగా దస్త్రమని వ్రాయుదురు. గిడుగు రామమూర్తిగారి పేర ఒక ఫాంటు వెలసినది గాని, ఆయన వాదము ఈ అనువాదకుల చెవి సోకినట్లు లేదు. పని చేయువారు కొలదిమంది, అందరును జీతము లేనివారు. తప్పు పట్టుట తేలిక. వారితో చేయి కలుపు తెలుగు పండితులు, తెలుగు శాఖలు ఎన్ని అని అడుగుట అంత తేలిక కాదు.

ఇక అసలు చిక్కులు. చిన్న పట్టణమున లెక్కలు వ్రాయువానికి ట్యాలీ లేనిదే పూట గడువదు. అది విండోస్‌కే తయారైనది. ఇంజనీరింగు విద్యార్థికి ఆటోక్యాడ్ నేర్పుదురు; అదియు లినక్సునకు లేదు. ఫోటో దుకాణమువానికి ఫోటోషాప్ కావలెను. వీనికి లినక్సులో ప్రత్యామ్నాయములు కలవని చెప్పుట సత్యమే గాని, యజమాని ట్యాలీ వచ్చునా అని అడిగినప్పుడు ప్రత్యామ్నాయము వచ్చునని చెప్పినవానికి ఉద్యోగము రాదు. విండోస్ ప్రోగ్రాములను లినక్సుపై నడిపించు వైన్ అను సాధనమున్నది. అది కొన్నింటిని చక్కగ నడుపును, కొన్నింటిని కుంటుచు నడుపును, కొన్నింటిని నడుపనే నడుపదు. కొన్ని వేలిముద్ర చదువు పరికరములు, కొన్ని వైఫై చిప్పులు, కొన్ని ప్రింటర్లు లినక్సుతో సరిపడవు. కొనుటకు ముందు విచారించినచో ఈ బాధ చాలవరకు తప్పును. కాని చేతనున్న వస్తువులతోనే సరిపెట్టుకొనువాడు ముందుగ విచారించుట యెట్లు?

వీనికన్న పెద్ద చిక్కు మరియొకటి. విండోస్ చెడినచో వీధి మలుపున బాగుచేయువాడున్నాడు. లినక్సు చెడినచో ఇంటర్నెట్టులో సమాధానమున్నది. అది ఆంగ్లమున నున్నది, సగము సంకేతములలో నున్నది, రెండేండ్ల క్రిందటి రూపమునకు చెప్పినదై యున్నది. ఆంగ్లము ధారాళముగ రానివాడు, చదివినను ఆజ్ఞలను తెరపై కొట్టుటకు వెరచువాడు ఏమి చేయవలెను? నేర్చుకొనుడని చెప్పుట యోగ్యమే. నేర్పువాడు దగ్గర నుండుట అంతకన్న ముఖ్యము. కేరళమున ఈ రహస్యమును గ్రహించినారు. 2005 తరువాతి సంవత్సరములలో అక్కడి ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు మారినప్పుడు కేవలము సీడీలు పంచి ఊరకుండలేదు. ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చినారు, పాఠ్యపుస్తకములను దానికి తగినట్లు వ్రాయించినారు. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అను ఔత్సాహికుల బృందము వెనుక నిలిచి ఫాంట్లు, మీటల అమరికలు సమకూర్చుచు వచ్చినది. మలయాళీ బాలుడు బడిలో లినక్సు చూచినవాడగుటచే ఇంటిలో చూచి బెదరడు. ఒంటరిగ లినక్సు వాడు తెలుగువాడు పడు కష్టములో అధికభాగము లినక్సు వలన కలిగినది కాదు, ఒంటరితనము వలన కలిగినది.

పెద్ద సంస్థల అనుభవమును ఇదే చెప్పుచున్నది. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంఘము 2003లో విండోస్‌ను విడిచి లినక్సునకు మారుటకు తీర్మానించినది. ఆ తీర్మానమును ఆపుటకు మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ తన సెలవును మధ్యలో విడిచి స్వయముగ మేయరును చూడవచ్చెను. ఆగలేదు. 2013 నాటికి రమారమి పదునైదువేల కంప్యూటర్లు మారినవి. 2017లో క్రొత్త నాయకత్వము మరల విండోస్ వైపు తిరుగుటకు ఓటు వేసినది. 2020లో వచ్చిన మరియొక కూటమి ఓపెన్ సోర్సునకే మొగ్గెదమని ఒప్పందము వ్రాసికొన్నది. ఈ ఊగిసలాటను చూచి లినక్సు ఓడిపోయెనని నవ్వువారున్నారు. కుట్ర జరిగెనని వాపోవువారున్నారు. సాంకేతిక నిర్ణయము మేయరు మారినప్పుడెల్ల మారుచున్నచో తప్పు సాఫ్ట్‌వేరుది కాజాలదు. ఫ్రాన్సు దేశపు జాండార్మరీ అను పోలీసు దళము వేరు మార్గము త్రొక్కినది. మొదట, 2005లో, ఆఫీసు సాఫ్ట్‌వేరును మాత్రము మార్చినది, పిమ్మట బ్రౌజరును, చేతులు అలవాటుపడిన తరువాత, 2008 నుండి, అడుగున నున్న సిస్టమును మార్చుట కారంభించినది. పైనున్న కిటికీలు అవే గనుక క్రింది పునాది మారినను వారికి అంతగా తెలిసి యుండదు. 2024 నాటికి ఆ దళమున లక్షకు మించిన కంప్యూటర్లు లినక్సుపై నడచుచున్నవి. గృహస్థునకును ఇదియే దారి. నేడు వాడుచున్న సిస్టము మీదనే ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీసు, వీఎల్‌సీ ఆరునెలలు వాడిచూచి, అప్పుడు పునాది మార్చుకొన్నవాడు వెనుదిరుగడు. ఒక ఆదివారము ఆవేశమున అంతయు తుడిచివేసినవాడు మరు ఆదివారమునకు విండోస్ సీడీ వెదకుచుండును.

భద్రతను గూర్చి రెండు పక్షములవారును అతిశయోక్తులు పలుకుచున్నారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు సవరణతో 85 లక్షల విండోస్ యంత్రములు ఒక్కపెట్టున పడిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతివ్రాతతో నిచ్చిరి. లినక్సు భక్తులు ఆనాడు మురిసిపోయిరి. కాని అదే యేడు మార్చిలో జరిగినది వారు మరువరాదు. ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాములోనికి, మారుపేరుతో వచ్చిన యొకడు, రెండేండ్లకు పైగ విశ్వాసము సంపాదించి, లోకములోని లినక్సు సర్వర్లను తెరువగల దొంగతాళపుచెవి నొకదానిని చొప్పించెను. లాగిన్ అగుటకు అరసెకను ఆలస్యమగుచున్నదేమి అని సందేహించి తీగ లాగిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దానిని బయటపెట్టెను. ఆయన పనిచేయునది మైక్రోసాఫ్ట్ సంస్థలో! ఆ ఎక్స్‌జెడ్‌ను ఏండ్ల తరబడి పోషించుచు వచ్చినది అలసిన ఒంటరి వ్యక్తి యొకడు. అందరిదియునైన వస్తువును కాపాడువాడెవడు అను ఊరి చెరువు సమస్యయే ఇది. వేయికండ్లు చూచుననుట నిజమే. చూచుటకు కూర్చుండినవారు ఒకరిద్దరే యైనచో వేయికండ్లును మూతపడినట్లే. అయినను ఒక భేదము కలదు. తలుపు తెరచియున్న యింటిలో గనుక ఫ్రాయిండ్ లోపలికి పోయి చూడగలిగెను.

ఒక్క లినక్సే యనువారు తమ మాటలోని ఒక్క అను పదమును కూడ పరీక్షించుకొనవలెను. వైఫై చిప్పులోని ఫర్మ్‌వేరు మూసిపెట్టినదే. మదర్‌బోర్డు తొలి మేల్కొలుపు పాడు బయాస్ అధికాంశము మూసిపెట్టినదే. ఉత్తరములు జీమెయిలులో, చిత్రములు గూగులు భాండారములో, డబ్బు ఫోనులోని యూపీఐ అప్లికేషనులో నుండగా, బల్లమీది యంత్రము మాత్రము స్వతంత్రమనుట అర్ధసత్యము. ఆ అర్ధసత్యము గుజరాతులోని వాడినార్‌వద్ద నూనె శుద్ధి కర్మాగారము నడుపు నయారా ఎనర్జీ సంస్థకు 2025 జులైలో అనుభవమునకు వచ్చినది. రష్యా సంస్థకు అందులో వాటా గలదను కారణమున ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధింపగా, మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు తన సేవలను నిలిపినది. సొమ్ము చెల్లించిన సేవ, భారతదేశములోని కర్మాగారము, దానిపై ఈ దేశపు శాసనమేదియు ఉల్లంఘింపబడలేదని వారి వాదము. ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మట, కొలదిదినములకే సేవలు మరల వచ్చినవి. ఉత్తరములను తెరచు తాళపుచెవి వేరొక ఖండమున నున్నదని మాత్రము తేలిపోయినది. లినక్సు వేసికొనియుండినంత మాత్రమున ఈ యాపద తప్పదు. తప్పించుటకు ఉత్తరముల సర్వరును కూడ తమ చేతిలో నుంచుకొనవలెను. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము ఈ సంగతి గ్రహించి, 2024లో లిబ్రె ఆఫీసునకు, లినక్సునకు మారుటకు నిర్ణయించినప్పుడు ఈమెయిలు సర్వర్లను కూడ ఆ లెక్కలో చేర్చినది.

కావున గృహస్థుడు లినక్సు ఒక్కదానినే నమ్ముకొనవచ్చునా? చదువుట, వ్రాయుట, చూచుట, వినుట, చెల్లించుట ఇవియే పనులైనవాడు నిశ్చింతగ నమ్ముకొనవచ్చును. పిల్లవాని చదువునకు పాత ల్యాప్‌టాప్ కొని యిచ్చు తండ్రికి ఇంతకన్న మేలైన దారి లేదు; ఆ బాలుడు యంత్రమును వాడుటయే గాక దాని లోపలికి తొంగిచూచుట కూడ నేర్చును. ట్యాలీతో పొట్టపోసికొనువానిని మాత్రము సిద్ధాంతము పేర ఇబ్బందిపెట్టరాదు. అతడు రెండు పడవలపై నిలుచుటలో అవమానమేమియు లేదు. అన్యాయమెక్కడ ననగా, ఆ రెండవ పడవను పౌరునిపై ప్రభుత్వమే రుద్దునప్పుడు. బహిరంగ ప్రమాణములే వాడవలెనని 2010లో, ఓపెన్ సోర్సునకు ప్రాధాన్యమియ్యవలెనని 2015లో కేంద్ర ప్రభుత్వమే విధానములు ప్రకటించినది. 2023లో రక్షణ మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లకు ఉబుంటు ఆధారముగ మాయ అను సిస్టమును చేయించుకొన్నది. తన కార్యాలయమునకు మేలని తలచినదానిని పౌరుడు వాడుకొన్నచో అతని దరఖాస్తు ఆగిపోరాదు గదా! దరఖాస్తు పత్రమును ఒక సంస్థవారి ఫైలు రూపముననే పంపుమనుట, డిజిటల్ సంతకపు టోకెను విండోస్‌లో మాత్రమే పనిచేయునట్లు సమకూర్చుట, రేషను కార్డుదారుని ఫలానా కొట్టులోనే సంచి కొని తెమ్మనుట వంటిది.

తెలుగుదేశమున ప్రభుత్వముకన్న పెద్ద అడ్డంకి యొకటి కలదు, అది అచ్చుపని. తెలుగు పుస్తకములలో, పత్రికలలో, కరపత్రములలో ఎంతో భాగము పేజ్‌మేకరునందు అను ఫాంట్లతో కూర్చబడినది, నేటికిని కూర్చబడుచున్నది. పేజ్‌మేకరు చివరి రూపము 2001 నాటిది. ఆ తరువాత దానిని తయారుచేసినవారే దానిని విడిచిరి. అను ఫాంట్లలో తెలుగు అక్షరము తెలుగు అక్షరముగ నిలువయై యుండదు; ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు బొమ్మ లుండును. ఆ ఫాంటు తీసివేసినచో మిగులునది అర్థము లేని గీతలు. అందు పదము వెదకుట కుదరదు, నిఘంటువునకు ఎక్కించుట కుదరదు, అంధులకు చదివి వినిపించుట కుదరదు. విండోస్, పేజ్‌మేకరు, అను మూడును ఒకచోట బ్రదికియున్నంతవరకే ఆ సాహిత్యము బ్రదికియుండును. ఒక రచయిత ముప్పదియేండ్ల కృషి ఇట్టి ఫైళ్లలో నున్నచో, దానికి యజమాని రచయితయా, ఫాంటా?

దీనికి మందు లేకపోలేదు. అను వ్రాతను యూనికోడునకు మార్చు పనిముట్లను ఔత్సాహికులు వ్రాసి అందరికిని ఇచ్చియున్నారు. కొన్ని వత్తుల కడ, పొల్లుల కడ తప్పినను చాలవరకు సరిగ మార్చును. పుటలు కూర్చుటకు స్క్రైబస్ ఉన్నది. 2024 జనవరిలో వెలువడిన దాని 1.6 రూపము తెలుగు వత్తులను చక్కగ కూర్చుచున్నది. వర్ణచిత్రములకు ఇంక్‌స్కేప్, గింప్ ఉన్నవి. మీటల అమరిక పాతదే ఉంచుకొనవచ్చును గనుక కంపోజిటరు తన వ్రేళ్లకు క్రొత్త విద్య నేర్పనక్కరలేదు. కావలసినది ప్రచురణకర్తల పూనిక. కొత్త పుస్తకము నెట్లు కూర్చినను సరియే. పాత ఫైళ్లను మాత్రము, అవి తెరచుకొను యంత్రములింకను నడచుచుండగనే, ఒక్కొక్కటిగ యూనికోడునకు మార్చి దాచుకొనుట ఈ యేటి పని. మార్చిన ప్రతిని మూలముతో సరిచూచుటకు ఆ పుస్తకమును కూర్చిన కంపోజిటరునే కూర్చుండబెట్టవలెను, అందుకు కూలి ఇయ్యవలెను. ఏ మీట నొక్కిన ఏ బొమ్మ పడునో పట్టిక చూడకయే చెప్పగలవాడతడే.